స్క్రూ తిప్పితే కంట్రోల్ రాదు

హైడ్రా (బరువులెత్తి మోసుకెళ్లే క్రేన్ బండి) ఓనర్ల గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. బూమ్ (క్రేన్ పొడవాటి చెయ్యి) నిదానంగా లేస్తుంటే రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ హద్దు దాటితే ఆయిల్‌ని ట్యాంకులోకి వదిలేసేది) స్క్రూ ఒక చుట్టు బిగించాలట, స్పీడూ కంట్రోలూ రెండూ వచ్చేస్తాయట. దించేటప్పుడు కుదుపులొస్తే ఆపరేటర్ చెయ్యి బాలేనట్టట. బరువు తనంతట తానే జారుతుంటే చిక్కటి ఆయిల్ పోయాలట. సిలిండర్ మీదుండే లాక్ వాల్వ్ దండగట, పీకేస్తే దించడం ఫాస్ట్ అవుతుందట. కింద "పది మందికి పంపండి" అని కూడా ఉంది. దయచేసి పంపకండి.

ముందు స్పీడ్ సంగతి. బూమ్‌ని లేపే 100 మిల్లీమీటర్ల బోర్ (లోపలి వ్యాసం) సిలిండర్‌లోకి నిమిషానికి 40 లీటర్ల ఆయిల్ వెళ్తే రాడ్ సెకనుకి 8.5 సెంటీమీటర్లు బయటికొస్తుంది. ప్రెషర్ 150 బార్ ఉన్నా 200 ఉన్నా ఆ లెక్క మారదు. 200 బార్ దగ్గర అదే సిలిండర్ దాదాపు 16 టన్నుల బలంతో నెడుతుంది, ప్రెషర్ పని అంతవరకే. అయితే సెట్టింగ్ కంపెనీ చెప్పినదానికంటే దిగిపోయి, ఆయిల్ రిలీఫ్ మీదుగా ట్యాంకులోకి పోతుంటే మాత్రం సరిచేయాల్సిందే, కానీ ప్రెషర్ గేజ్ పెట్టి. గేజ్ లేకుండా ఈ 'ఒక చుట్టు' ఏంటండీ?

ఒక పని చేయండి. ఇంజిన్ ఆర్‌పీఎం ఒకేలా ఉంచి, ఖాళీ హుక్‌తో ఒకసారి, లోడ్‌తో ఒకసారి బూమ్ లేవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో ఫోన్‌లో చూడండి. ఖాళీగా చకచకా లేచి లోడ్‌కి బాగా నెమ్మదిస్తే ఆయిల్ లోపలే ఎక్కడో తప్పించుకుంటోందని అర్థం, చాలాసార్లు అరిగిన గేర్ పంపు. దాన్ని ఏ స్క్రూ బాగుచేస్తుంది? పైగా రిలీఫ్ పెంచితే లోడ్ చార్టులో (ఎంత బరువు ఎత్తొచ్చో చెప్పే పట్టిక) లేని బరువు కూడా లేస్తుంది, దాంతోపాటు వెనక చక్రాలూ లేస్తాయి.

ఇక పాపం ఆపరేటర్. దించేటప్పుడు బూమ్ డక్ డక్ డక్ అని ఆగి ఆగి దిగడం మీలో చాలామంది చూసే ఉంటారు. బరువు సిలిండర్‌ని పంపు ఇచ్చే ఆయిల్ కంటే ముందుకు లాగేస్తుంది, అవతలి వైపు ప్రెషర్ పడిపోతుంది, ఆ ప్రెషర్‌తో తెరుచుకోవాల్సిన కౌంటర్ బ్యాలెన్స్ వాల్వ్ (మనవాళ్లు లాక్ వాల్వ్ అనేది దీన్నే) టక్కున మూసుకుంటుంది, బరువు ఆగుతుంది, మళ్లీ ప్రెషర్ ఎక్కి తెరుచుకుంటుంది. ఇందులో చెయ్యి తప్పేముంది? పైలట్ రేషియో (వాల్వ్ తెరవడంలో లోడ్ ప్రెషర్‌తో పోలిస్తే ఆ అవతలి వైపు ప్రెషర్‌కి ఉన్న పట్టు) ఎక్కువున్న వాల్వ్ కొంచెం ప్రెషర్‌కే తెరుచుకుంటుంది కాబట్టి డీజిల్ కలిసొస్తుంది, కానీ పొడవాటి బూమ్ మీద ఇలా ఊగుతుంది. రేషియో తక్కువైతే నిలకడగా దిగుతుంది, ఇంజిన్ కాస్త ఎక్కువ కష్టపడుతుంది. అది డిజైన్ చేసేవాడు తేల్చాల్సిన బేరం.

లివర్ కూడా అంతే. మామూలు గేర్ పంపు బండిలో ఖాళీ హుక్ లివర్ కాస్త కదపగానే లేస్తుంది, లోడ్ ఉంటే సగం దాకా లాగినా ఉలుకూ పలుకూ ఉండదు, తర్వాత ఒక్కసారిగా లేస్తుంది. లోడ్ సెన్సింగ్ (బరువుని బట్టి ప్రెషర్ సర్దుకునే ఏర్పాటు) ఉన్న బండిలో ఈ తేడా పెద్దగా కనపడదు. అదే ఆపరేటర్, అదే చెయ్యి.

ఆయిల్ గురించి ఒక్క ముక్క: కంపెనీ 46 గ్రేడ్ చెప్పిన చోట అంతకంటే చిక్కటి 68 పోస్తే జారడం కొన్నాళ్లు తగ్గినట్టుంటుంది, సీల్ మాత్రం అలాగే పోయి ఉంటుంది, చలికాలం పొద్దున్నే పంపు ఆయిల్ అందక అరుస్తుంది.

లాక్ వాల్వ్ పీకడం మాత్రం ప్రాణాలతో చెలగాటం. అది సిలిండర్‌కే బిగించి ఉండేది ఎందుకంటే, కంట్రోల్ వాల్వ్ నుంచి వచ్చే హోస్ పైపు పగిలినా సిలిండర్‌లో ఆయిల్ అక్కడే నిలబడాలని. మామూలుగా దాన్ని గరిష్ఠ లోడ్ ప్రెషర్‌కి 1.3 రెట్ల దగ్గర సెట్ చేస్తారు. ఇంకో సంగతి, కొన్ని కంపెనీల కౌంటర్ బ్యాలెన్స్ వాల్వుల్లో స్క్రూ కుడివైపు తిప్పితే సెట్టింగ్ పెరగదు, తగ్గుతుంది, రిలీఫ్ వాల్వుకి పూర్తిగా ఉల్టా. రెండూ పక్కపక్కనే చూసి, ఇదీ అలాంటిదేగా అనుకుని, లోడ్ వేలాడుతుండగా ఆ 'ఒక చుట్టు' దీనిమీద బిగించారనుకోండి, బూమ్ అక్కడికక్కడే కిందికి దిగడం మొదలుపెట్టొచ్చు.