ఓపెనింగుల మహాగ్రంథం వారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ చెస్ ఓపెనింగ్స్ ఐదు సంపుటాల వారికి, బెజవాడ సత్యనారాయణపురం నుంచి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

చదరంగంలో తొలి ఎత్తుల వరసలు, అంటే ఓపెనింగులు, నేర్చుకోవడానికి మిమ్మల్ని కొనాలా, మీ పోటీదారు మోడర్న్ చెస్ ఓపెనింగ్స్ గారిని కొనాలా అని మా అపార్ట్‌మెంట్ కింద సాయంత్రాలు పెద్ద రగడ నడుస్తోంది. వారు 1911లో పుట్టిన పెద్దమనిషి, ఒక్క సంపుటంలో ఉమ్మడి కుటుంబంలా సర్దుకుంటారు. మీరు 1974లో బెల్‌గ్రేడ్‌లో మొదలై ఐదు వేరు కాపురాలు పెట్టారు. వారి పాత ఎడిషన్లు సెకండ్ హ్యాండ్‌లో చౌకే కానీ, 1990కి ముందువి తెరిస్తే, రాజు ముందు బంటును రెండు గళ్లు తోయడానికి ఇ4 అని ఉండదు, పాత పద్ధతిలో పి-కె4 అని ఉంటుంది. ఆ లెక్క విప్పేలోపు ఆట గడియారంలో టైమైపోతుంది.

మీలో అక్షరం ముక్క ఉండదు. ఏ దేశంవాడికైనా అర్థం కావాలని మాటలు తీసేసి గుర్తులు పెట్టారు. ఆలోచన గొప్పదే. కానీ మీరు వచ్చింది బెజవాడకి సార్. ఇక్కడ బోర్డు దగ్గర ఆడేవాళ్లు ఇద్దరైతే ఆడించేవాళ్లు ఆరుగురు. "గుర్రం తియ్యండి", "అయ్యో మంత్రి పోతోంది", "నేనప్పుడే చెప్పా". ఇంత గోలలోంచి వచ్చినవాడు మీ దగ్గర పదిహేను ఎత్తుల వరస కష్టపడి దాటితే, చివర ఒక ప్లస్, దాని కింద రెండు గీతలు. తెల్లకి కాస్త మెరుగట. ఎందుకు మెరుగు? విడమరిచి చెప్పరు. ఇంకోచోట పడుకోబెట్టిన ఎనిమిది. అంటే పరిస్థితి అస్పష్టం. అస్పష్టం మా బోర్డు మీద రోజూ ఉంటుంది, దానికి మేం ఎవరికీ డబ్బులివ్వం. ఫోన్‌లో స్టాక్‌ఫిష్ అనే చదరంగం ప్రోగ్రామ్ కూడా ఎందుకో చెప్పదనుకోండి, కానీ అది ఉచితం.

అసలు ఫిర్యాదు గదుల కేటాయింపు మీద. ఎ, బి, సి, డి, ఇ అనే ఐదు సంపుటాల్లో ఎ00 నుంచి ఇ99 దాకా మీకు 500 గదులు, అంటే ఓపెనింగుల కోడ్‌లు. అందులో సిసిలియన్ అనే ఒక్క ఓపెనింగుకే బి20 నుంచి బి99 వరకు 80. మా టైలర్ గారు తెల్లపావులు దొరికితే చాలు, ఎడమ చివరి బంటును రెండు గళ్లు తోస్తారు. ఎందుకండీ అంటే "ఏనుగుకి గాలి ఆడాలి కదా" అంటారు. ఆయనకి మీరిచ్చింది ఎ00. గుర్రం ముందు బంటును రెండు గళ్లు తోసేవాళ్లని కూడా ఆ గదిలోనే కుక్కారు. ఇటలీలో సిసిలీ అనే ఒక దీవి పేరుకి 80 గదులు, కృష్ణలంక నుంచి పటమట దాకా ఇలా తోసే మావాళ్లందరికీ ఒకటి. పైగా ఎదుటివాడు మూడో ఎత్తుకే మీలో ఉన్న ఎత్తుల సరిహద్దు దాటేస్తాడు. చెత్త ఎత్తుకి శిక్ష ఏమిటో చెప్పే పుస్తకం కదా మా స్థాయివాళ్లకి కావలసింది! మీరేమో మంచి ఎత్తుకి మంచి జవాబే దాచిపెట్టుకుని కూర్చున్నారు.

ఇ సంపుటంలో దాదాపు అంతా ఇండియన్ డిఫెన్సులనే ఓపెనింగులే అని తెలిసి మొదట ఛాతీ ఉబ్బింది. 19వ శతాబ్దంలో కలకత్తాలో జాన్ కోక్రేన్ అనే దొరతో మహేశ్‌చంద్ర బెనర్జీ ఆడిన ఆటల చలవే ఆ పేరు. మన పాత చదరంగంలో బంటు తొలి ఎత్తులో కూడా ఒక్క గడే కదిలేది, ఆ నిదానం ఆయన ఆటలో కనిపిస్తుంది. తీరా చూస్తే ఓపెనింగు పేరులో దేశం మిగిలింది, బెనర్జీ గారు మిగల్లేదు.

షాపులో మీకు అసలు గిరాకీ తల్లిదండ్రులు. "కోనేరు హంపి చదివిన పుస్తకం ఇవ్వండి" అంటారు. తప్పు వాళ్లది కాదు. 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయిన అమ్మాయి ఊరు ఇది. పక్కనే గుంటూరు ఇంకో ఇద్దరు గ్రాండ్‌మాస్టర్లు హరికృష్ణనీ, హారికనీ ఇచ్చింది. అందుకని మూడో తరగతి బుడ్డోడు క్యాస్లింగ్ నేర్చుకోకముందే సిసిలియన్‌లో నైడార్ఫ్ అనే వరస బట్టీ పడతాడు. వాడితో ఆడే ఇంకో బుడ్డోడు రెండో ఎత్తుకి మంత్రిని బయటికి తెస్తాడు. నైడార్ఫ్ బుడ్డోడు ఏడుస్తూ వాళ్లమ్మ దగ్గరికి పోతాడు.

ఇక బేరానికొద్దాం. టైలర్ గారిని మినహాయిస్తే మా అపార్ట్‌మెంట్‌లో అందరూ రాజు ముందు బంటుకి రాజు ముందు బంటునే ఎదురు తోస్తారు. అంటే మాకు కావలసింది సి సంపుటం ఒక్కటే, అందులోనూ సి20 నుంచి చివరిదాకా. ఏలూరు రోడ్డు షాపాయనేమో సెట్టు విడగొట్టనంటున్నారు. మీరు ఆయనకి ఓ మాట చెప్పండి. మాట మీకు రాదు కదూ, పోనీ ఒక గుర్తు రాసి పంపండి. పడుకున్న ఎనిమిది మాత్రం వద్దు.

ఇట్లు,
తమ విధేయుడు,
నల్లపావుల వైపు కూర్చున్నవాడు