సాలీడు గెలిచిందా, కాలిన ఇల్లు గెలిచిందా?

(అమెరికా ప్యూరిటన్ రచయితల్లో, అంటే నిష్ఠగల ప్రొటెస్టెంట్ క్రైస్తవ రచయితల్లో, తమ భక్తిని ఎవరు బాగా ఒప్పించారని తగువు. రిటైరైన ఇంగ్లీషు మాష్టారిది మతబోధకుడు జొనాథన్ ఎడ్వర్డ్స్ పక్షం. ఇప్పుడు అదే పాఠం చెబుతున్న ఆయన శిష్యురాలిది కవయిత్రి ఆన్ బ్రాడ్‌స్ట్రీట్ పక్షం.)

మాష్టారు: ఒప్పించడమంటే ఎదుటివాడు కదలాలమ్మా. 1741 జులై 8న ఎన్‌ఫీల్డ్‌లో ఎడ్వర్డ్స్ ప్రసంగం మధ్యలోనే జనం ఏడుపులు, కేకలు. ఆయన మాట ఆపాల్సొచ్చింది. సగందాకా ‘దుష్టులు’, ‘వాళ్లు’ అంటూ వచ్చి, హఠాత్తుగా ‘మీరు’ అన్నాడు. నిప్పు మీద సాలీడును పట్టుకున్నట్టు దేవుడు మిమ్మల్ని పట్టుకున్నాడు అన్నాడు. ఇంకెవరు కూర్చోగలరు?

శిష్యురాలు: భయపడి ఏడిస్తే నమ్మినట్టేనా మాష్టారూ? బ్రాడ్‌స్ట్రీట్‌ను చూడండి. 1666 జులై 10 రాత్రి ఇల్లు కాలిపోయింది. దాని మీద పద్యం రాసింది. బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబులాగే, ఇచ్చినవాడే తీసుకున్నాడని దేవుణ్ణి స్తుతించింది. పద్యం అక్కడే ఆగితే అప్పజెప్పిన పాఠంలా ఉండేది. ఆగలేదు. ఆ బూడిద పక్కనుంచి వెళ్లినప్పుడల్లా చూపు అటే పోతుంది. ఇక్కడ ట్రంకుపెట్టె ఉండేది, అక్కడ భోషాణం. ఇక ఆ బల్ల దగ్గర ఏ చుట్టమూ ముద్ద తినడు, దీపం వెలగదు, పెళ్లికొడుకు గొంతు వినపడదు. మీ ఎడ్వర్డ్స్ జనాన్ని ‘మీరు’ అన్నాడు, ఈమె కాలిన ఇంటిని ‘నువ్వు’ అంటుంది! తర్వాత తన మనసునే కసురుకుంటుంది. ‘లోకాన్ని ఇక ప్రేమించనివ్వకు’ అని వేడుకుంటూ ముగిస్తుంది. అంటే ఇంకా ప్రేమిస్తోందనేగా. అందుకే ఆ భక్తిని నేను నమ్ముతాను.

మాష్టారు: పద్యం గొప్పదే, కాదన్నదెవరు? కానీ ఆమె బతికుండగా అది అచ్చుకాలేదు. కాగితం మీద ఉన్నదాన్ని తర్వాత కొడుకు నకలు రాశాడు. వినేవాళ్లే లేనప్పుడు ఎవర్ని ఒప్పించినట్టు?

శిష్యురాలు: తనని తాను.

మాష్టారు: దాన్ని ఓదార్చుకోవడం అంటారు.

శిష్యురాలు: ...సరే, ఒప్పుకుంటున్నా. అయినా అంత కదిలించిన మీ ఎడ్వర్డ్స్‌ని 1750లో సొంత చర్చి సంఘమే పదవిలోంచి తీసేసిందిగా?

మాష్టారు: అది నార్తాంప్టన్‌లో, ప్రభురాత్రి భోజనానికి, అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి, ఎవరు అర్హులన్న తగాదా. దీనికి ముడిపెట్టి పరీక్షలో రాస్తే మార్కులు కట్ చేసేవాణ్ణి.

శిష్యురాలు: మార్కులంటే గుర్తొచ్చింది. బ్రాడ్‌స్ట్రీట్ 1630లో ఓడెక్కి వచ్చిన మనిషి. ఆమె పోయిన ముప్పై ఏళ్లకు పుట్టిన ఎడ్వర్డ్స్‌ని కూడా ప్యూరిటన్ల కిందే ఎలా చెప్పారు మాకు?

మాష్టారు: సిలబస్‌లో ఉంది, చెప్పాను. నువ్వు మాత్రం వేరే చెబుతున్నావా?

శిష్యురాలు: లేదనుకోండి. కానీ ఇంకొకటి. ఇరవై ఏళ్ల వయసులో, 1723లో, సాలీళ్లు దారం పట్టుకుని గాల్లో ఎలా తేలిపోతాయో ముచ్చటపడి ఉత్తరం రాసింది ఈయనే. అదే సాలీడు చర్చిలోకి వచ్చేసరికి అసహ్యమైన పురుగైపోయింది.

మాష్టారు: అంతగా చూశాడు కాబట్టే ఆ దారం ఎంత సన్ననిదో తెలుసు.

శిష్యురాలు: తెలిసీ నిప్పు మీద పట్టుకున్నాడు.

మాష్టారు: పట్టుకున్నాడమ్మా, వదల్లేదు. చివర్లో క్రీస్తు కృపాద్వారం బార్లా తెరిచి పిలుస్తున్నాడని కూడా చెప్పాడు. అక్కడిదాకా చదివావా అసలు?

శిష్యురాలు: తర్వాత చదువుకున్నాను. మీరు క్లాసులో అక్కడిదాకా చెప్పలేదు.