పిట్ట కొంచెం, ఊపు ఘనం

మా తమ్ముడు సినిమా కెమెరా కొన్నాడు. సినిమా కెమెరా అనగానే క్రేను మీద ఎక్కించేదేదో వస్తుందనుకుని అమ్మ హాల్లో సోఫా పక్కకు జరిపించింది. తీరా చూస్తే రెండు చేతుల్లో ఇమిడిపోయే డబ్బా.

"ఇంతేనా?" అన్నారు నాన్నగారు.

"చిన్నగా ఉండటమే దీని గొప్ప నాన్నా. చేత్తో పట్టుకుని ఎక్కడికైనా దూరిపోవచ్చు" అన్నాడు వాడు. ఆ ఒక్క మాటకి మేమందరం ఎంత శిక్ష అనుభవించామో చెబుతాను.

వాడి షార్ట్‌ ఫిల్మ్‌లో హీరో నాన్నగారే. జీతం అడగనివాళ్లలో కాస్త గంభీరంగా కనిపించేది ఆయనొక్కరే. షాట్ కూడా బ్రహ్మాండమేమీ కాదు. ఆయన గదిలోంచి ఉత్తరం పట్టుకుని వసారా దాకా నడిచొస్తారు. కెమెరా ఆయన ముందు వెనక్కి నడుస్తూ పోవాలి, అంతే. తీసిందాన్ని టీవీలో వేసి చూపించాడు. నాన్నగారు శ్రద్ధగా చూసి, "భూకంపం ఎప్పుడు పెట్టావురా కథలో?" అన్నారు.

మంట మీద నెయ్యి పోసింది అమ్మ. అదే సమయంలో పక్కనుంచి తన ఫోన్‌లో తీసిన వీడియో చూపించింది. అందులో నాన్నగారు నిలకడగా, హుందాగా నడిచొస్తున్నారు. వెనక్కి నడుస్తున్న మా తమ్ముడు మాత్రం గుమ్మానికి తగులుకుంటున్నాడు.

"ఫోన్‌లో లెన్స్ మన చెయ్యి కదిలినదానికి ఎదురు కదులుతుందమ్మా. పైగా అంచులు కత్తిరించి బొమ్మను సర్దేస్తుంది. దీని బాడీలో అలాంటివేం ఉండవు. ఇది ప్రొఫెషనల్ కెమెరా, ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది."

"అయితే నీ చెయ్యి ఎలా ఉందో చూపించిందన్నమాట" అంది అమ్మ.

నిజానికి వాడి చేతిలో లోపమేం లేదు. ఎంత ఆరోగ్యవంతుడి చెయ్యయినా సెకనుకు 8 నుంచి 12 సార్లు సన్నగా వణుకుతూనే ఉంటుంది. బరువైన కెమెరా ఆ వణుకును ఖాతరు చెయ్యదు. తేలికపాటిది మాత్రం ప్రతిదానికీ ఉలిక్కిపడుతుంది. పైగా నాన్నగారి నుదుటి ముడతలు కనపడాలని మావాడు దూరాన్ని దగ్గరగా లాగి చూపించే 85 మిల్లీమీటర్ల లెన్స్ బిగించాడు. ఎక్కువ మేర చూపించే 24 మిల్లీమీటర్ల వైడ్ లెన్స్‌లో కనీకనపడనట్టుండే అదురు 85లో తాండవం చేస్తుంది. వైడ్ లెన్స్ పెట్టి దగ్గరికెళ్లి తియ్యరా అంటే, "ముక్కు పెద్దదిగా వస్తుందన్నయ్యా" అన్నాడు. ఆ ముక్కు వాడికీ వచ్చింది కాబట్టి నేనింకేం మాట్లాడలేదు.

తర్వాత నడక నేర్చుకున్నాడు. మోకాళ్లు కాస్త వంచి, మోచేతులు డొక్కలకు అదిమిపెట్టి, మెడలోని పట్టీ బిగుసుకునేలా కెమెరాను ముందుకు లాగిపట్టి, ఊపిరి బిగబట్టి, పాదం మెల్లగా ఆనిస్తూ నడవాలట. వెనక నేను వాడి బెల్టు పట్టుకుని దారి చెప్పాలి. "ఎడమకి... ఇంకాస్త... స్టూలు!" అని నేను గుసగుసలాడుతుంటే ఆ గుసగుసలన్నీ రికార్డయ్యాయి. ఒకసారి అంతా సవ్యంగా సాగుతోంది, ఫోకస్ కూడా కుదిరింది. సరిగ్గా అప్పుడే నాన్నగారు నటన ఆపేసి, "ఏరా, నడుం పట్టేసిందా?" అన్నారు కంగారుగా. సినిమా మొత్తంలో ఆయన మొహంలో భావం పలికిన షాట్ అదొక్కటే. కథకు మాత్రం పనికిరాదు.

బరువు లేకపోవడమే సమస్యయితే బరువు పెంచుదామన్నాడు. కెమెరా చుట్టూ కేజ్ అనే ఒక లోహపు చట్రం వచ్చింది. కేజ్‌కి అటొక పిడి, ఇటొక పిడి, నెత్తిన ఇంకోటి. భుజానికి ఆనే ప్యాడ్. ముందు భాగం వాలిపోతోందని వెనక పెద్ద బ్యాటరీ, అదీ చాలక ఇనప దిమ్మెలు. మొత్తం వ్యవహారం తడిసి మోపెడయ్యాక నాన్నగారు ఓసారి ఎత్తి చూసి, "ఇందులో ఆ చిన్న కెమెరా ఎక్కడుందిరా?" అన్నారు. మా తమ్ముడు సగర్వంగా వేలు పెట్టి చూపించాడు. వణుకు నిజంగానే తగ్గింది, ఆ బరువును మోయగలిగినంతసేపు. ఆ తర్వాత వణకడం భుజం వంతయింది.

అప్పుడు గింబల్ తెచ్చాడు, చెయ్యి ఊగినా కెమెరా ఊగకుండా పట్టే పిడి. 1975లో గారెట్ బ్రౌన్ అనే అమెరికన్ స్టెడీకామ్‌ని తెచ్చి కెమెరాని మనిషి ఒంటి నుంచి ఎలా విడదీశాడో, స్ప్రింగుల చెయ్యి, కింద బరువులు ఎలా పనిచేస్తాయో భోజనాల దగ్గర చెప్పాడు. గింబల్‌లో ఆ బాధ్యత మూడు మోటార్లదట. ఆన్ చెయ్యకముందే కెమెరాని ముందుకీ వెనక్కీ, పక్కలకీ వెంట్రుకవాసి జరుపుతూ తూకం కుదర్చాలి. ఎటు వంచి వదిలితే అటే నిలబడాలి. మావాడు ఓపిగ్గా కుదిర్చాడు. కుదిర్చాక, ఎండగా ఉందని లెన్స్ ముందు ఒక ఫిల్టర్ బిగించాడు. స్విచ్ వెయ్యగానే మోటార్లు గుర్రుమన్నాయి, కెమెరా మొత్తం గడగడలాడింది, చివరికి తల వాల్చేసింది.

మళ్లీ తూచి తీస్తే పక్క ఊపులు పోయాయి. కానీ గింబల్ మూడు వైపుల తిరగడాన్ని ఆపుతుందే తప్ప, అడుగు వేసినప్పుడల్లా మనిషి పైకీ కిందికీ కదలడాన్ని ఆపలేదు. నాన్నగారు ఉత్తరం పట్టుకుని పడవలో వస్తున్నట్టున్నారు.

"ఎడిటింగ్‌లో చూసుకుందాం" అన్నాడు మావాడు. చేతకానప్పుడు సినిమావాళ్లందరూ అనే మాటే. తీసిన బొమ్మలో ఊపు తగ్గించే స్టెబిలైజర్ నొక్కాడు. ఫ్రేమ్ నిండా నాన్నగారి మొహమే ఉండటంతో, ఈ ప్రపంచంలో స్థిరమైన వస్తువు అదేనని సాఫ్ట్‌వేర్ నిర్ణయించుకుంది. ఆయన మొహం కదలదు, వెనక గోడలు మాత్రం అలల్లా ఈదుతున్నాయి. ఊపు సర్దడానికి బొమ్మని పెద్దది చేసి అంచులు కోసేసింది కనుక ఉత్తరం కాస్తా తెర కింద మాయమైంది. అదీగాక సెకనుకు 24 ఫ్రేములు, ఒక్కో ఫ్రేముకి షటర్ తెరుచుకుని ఉండేది సెకనులో 48వ వంతు. చెయ్యి అదిరినప్పుడు ఫ్రేములో పడ్డ మసకని ఏ సాఫ్ట్‌వేరూ తుడవలేదు. కదలని మొహం ఉన్నట్టుండి మసకబారుతోంది, మళ్లీ తేటపడుతోంది. నాన్నగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ చూసి, "డాక్టర్ దగ్గరికెళ్లాలే" అన్నారు అమ్మతో.

చివరికి అమ్మే అటక మీంచి ట్రైపాడ్ దింపించింది. మోకాళ్లు వంచక్కర్లేదు, బెల్టు పట్టుకోనక్కర్లేదు. నాన్నగారు నడిచొచ్చారు, ఉత్తరం కనపడింది, గోడలు గోడల్లా ఉన్నాయి. ఒక్క టేకులో ఓకే. అందరం ఊపిరి పీల్చుకున్నాం.

ఆ రాత్రి చూస్తే మావాడు కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో మీట అటూ ఇటూ జరుపుతున్నాడు. తెర మీద నాన్నగారు సన్నగా ఊగుతున్నారు.

"మరీ నిలకడగా ఉంటే ప్రాణం లేనట్టుంది. కెమెరా షేక్ అనే ఎఫెక్ట్ ఉంది, కొంచెం వేస్తున్నా" అన్నాడు.

నాన్నగారు వెనకనుంచి వచ్చి కాసేపు చూశారు. "ఊగకుండా చెయ్యడానికి ఇన్ని తిప్పలు పడి, మళ్లీ నువ్వే ఊపుతావేంట్రా?"

"ఆ ఊపు వేరు నాన్నా. ఇది ప్రొఫెషనల్ ఊపు."