చక్రం తిప్పిన టాలెమీ గారికి న్యాయం జరగాలి

చక్రం తిప్పడం అనే మాటను మనం రాజకీయ నాయకులకు రాసిచ్చేశాం. ఢిల్లీలో ఫలానా ఆయన చక్రం తిప్పాడంటారు. తీరా చూస్తే ఆయన తిప్పింది రెండు ఫోన్లు, ఒక కారు. నిజంగా చక్రం తిప్పి, ఆ చక్రం అంచు మీద ఇంకో చక్రం పెట్టి దాన్నీ తిప్పి, పద్నాలుగు వందల ఏళ్లు చదువుకున్నవాళ్లందరినీ తన లెక్క చుట్టూ తిప్పుకున్న మనిషి ఒకాయన ఉన్నాడు. పేరు క్లాడియస్ టాలెమీ. ఊరు ఈజిప్టులోని అలెగ్జాండ్రియా. ఏలుబడి రోమన్లది, ఆయన రాసింది గ్రీకులో. క్రీ.శ. 127 నుంచి 141 దాకా ఆకాశాన్ని చూస్తూ కూర్చున్నాడు. అంతటి మనిషిని ఇవాళ ఎనిమిదో తరగతి కుర్రాడు "భూమి మధ్యలో ఉందన్నాడట, పిచ్చోడు" అని ఒక మార్కు ప్రశ్నలో తేల్చేస్తున్నాడు. దీన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను.

ముందు ప్రత్యర్థుల సంగతి చూద్దాం. సూర్యుడే మధ్యలో ఉన్నాడని బల్లగుద్ది చెప్పే పెద్దమనుషులు పొద్దున్నే లేచి ఏమంటారు? "అబ్బా, పొద్దెక్కిపోయింది" అంటారు. "భూమి తూర్పుకి తిరిగింది, కాఫీ పెట్టు" అన్నవాణ్ని నేనింతవరకు చూడలేదు. మధ్యాహ్నానికి సూర్యుడు నడినెత్తికొస్తాడు, సాయంత్రం పొద్దు గుంకుతుంది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివిన మా బంధువు ఒకాయన శని వక్రించాడని తెలిసి ఇంటి రిజిస్ట్రేషన్ వాయిదా వేసుకున్నాడు. పరీక్షలో కోపర్నికస్, ఇంట్లో టాలెమీ.

టాలెమీకి నాలుగు వందల ఏళ్ల ముందే సామోస్ దీవికి చెందిన అరిస్టార్కస్ సూర్యుణ్ని మధ్యలో కూర్చోబెట్టి భూమిని తిప్పాడు. విశ్వం పొయ్యిని కదిపినందుకు ఈయన మీద దైవద్రోహం కేసు పెట్టాలని క్లియాంథెస్ అనే తత్త్వవేత్త అన్నాడట. టాలెమీ మర్యాదస్థుడు, కేసుల జోలికి పోలేదు. మబ్బుల్ని సాక్ష్యానికి పిలిచాడు. భూమి అంత వేగంగా తూర్పుకి తిరుగుతుంటే మబ్బులు, పక్షులు, విసిరిన రాళ్లు అన్నీ వెనకబడి పడమరకే పోతున్నట్టు కనబడాలి కదా అన్నాడు. మన దగ్గరా ఇదే గొడవ. పడవలో పోయేవాడికి ఒడ్డు వెనక్కి పోతున్నట్టు ఉంటుంది, నక్షత్రాల పరుగు కూడా అలాంటిదేనని 499లో ఆర్యభటుడు ఎంత చక్కగా చెప్పినా, తర్వాత వచ్చిన వరాహమిహిరుడు మళ్లీ పక్షినే పట్టుకున్నాడు. భూమి తిరుగుతుంటే ఎగిరెళ్లిన పక్షి గూటికెలా చేరుతుందని. నడుస్తున్న బస్సులో ఎగిరి గంతేసి, వెనక సీటాయన ఒళ్లో కాకుండా మళ్లీ అదే చోట దిగిన కుర్రాళ్లు ఎవరూ వీళ్లకు తారసపడలేదు. బస్సుల్లేవు పాపం.

అసలు టెన్షన్ అంతా కుజుడితో. బుద్ధిగా నక్షత్రాల మధ్య తూర్పుకి నడుస్తూ నడుస్తూ, దాదాపు రెండేళ్లకోసారి ఆగిపోతాడు. రెండు నెలలకు పైగా వెనక్కి నడుస్తాడు. మళ్లీ ఆగి, ఏమీ ఎరగనట్టు ముందుకు పోతాడు. భూమి కూడా తిరుగుతోందని ఒప్పుకుంటే ఇది ఇట్టే తేలిపోతుంది. లోపలి దారిలో జోరుగా పోతున్న మనం బయటి దారిలో ఉన్న కుజుణ్ని దాటుకుపోయేటప్పుడు ఆయన వెనక్కి పోతున్నట్టు ఉంటుంది, అంతే. కానీ ఒప్పుకోవడమంటే మాటలా? టాలెమీ అనుభవమున్న ఆఫీసరులా ఆలోచించాడు. ఉన్న కమిటీని రద్దు చేయకుండా దాని కింద ఉపకమిటీ వేశాడు. భూమి చుట్టూ పెద్ద చక్రం, దాని అంచు మీద చిన్న చక్రం, ఆ చిన్నదాని అంచున కుజుడు. ఎగ్జిబిషన్లో కప్పు సాసరు ఎక్కినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. సాసరు తిరుగుతుంటుంది, దాని మీద కప్పు తిరుగుతుంటుంది, కప్పులో మీరు కళ్లు మూసుకుని ఉంటారు. బయట చెప్పులకు కాపలా ఉన్న మీ ఆవిడకి మీరు ముందుకు పోతూ పోతూ ఒక క్షణం వెనక్కి జరిగినట్టు కనబడుతుంది. ఈ ఏర్పాటు టాలెమీ సొంతం కాదు. అంతకు మూడు వందల ఏళ్ల ముందే అపొలోనియస్ అనే గ్రీకు గణితవేత్తకు తెలుసు. దాన్ని ప్రతి గ్రహానికీ అంకెలతో సహా అమలు చేసిన ఘనత మాత్రం మనవాడిదే.

ఇక్కడిదాకా ఎవరైనా తట్టుకుంటారు. తర్వాతి సంగతే నాకు ప్రాణం. ఇంత చేసినా కుజుడి వేగం కుదర్లేదు. ఆకాశంలో ఒకవైపు తొందరగా, ఇంకోవైపు బద్ధకంగా పోతున్నాడు. అప్పుడు టాలెమీ ఏం చేశాడంటే, భూమిని పెద్ద చక్రం మధ్య నుంచి కాస్త పక్కకు జరిపాడు. మీరు సరిగ్గానే చదివారు. భూకేంద్ర సిద్ధాంతంలో భూమి కేంద్రంలో లేదు. భూమి ఒక పక్కన ఉంది. సరిగ్గా అంతే దూరంలో రెండో పక్కన ఒక ఖాళీ బిందువు ఉంది. అక్కడ రాయీ లేదు రప్పా లేదు. కానీ ఆ ఖాళీ చోట నిలబడి చూస్తేనే చిన్న చక్రం ఒకే వేగంతో సవ్యంగా పోతున్నట్టు ఉంటుంది. దానికి తర్వాతివాళ్లు ఈక్వెంట్ అని పేరు పెట్టారు.

మన పంచాయతీలు చూసినవాళ్లకు ఇది కొత్తేం కాదు. బోర్డు మీద పేరు సర్పంచ్ గారిది. ఆవిడ కుర్చీ గదిలో ఓ పక్కగా ఉంటుంది, కాగితం వస్తే సంతకం పెడుతుంది. ఊళ్లో పనులన్నీ ఒక పద్ధతిలో నడుస్తున్నాయని తెలిసేది మాత్రం ఆవిడ భర్త కూర్చునే అరుగు మీద నుంచి చూసినప్పుడే. ఆయనకు ఏ పదవీ లేదు. రికార్డుల ప్రకారం ఆయనొక ఖాళీ బిందువు. 13వ శతాబ్దంలో ఇరాన్‌లోని మరాఘా పట్టణంలో నసీరుద్దీన్ తూసీ అనే ఖగోళ పండితుడు ఈ ఈక్వెంట్ బిందువును వదిలించుకోవడానికి రెండు చక్రాలతో ఇంకో ఏర్పాటు కనిపెట్టాడు. కోపర్నికస్‌కు ఒళ్లు మండిన కారణాల్లో కూడా ఇదొకటి. చక్రం తన మధ్య చుట్టూ కాకుండా ఎవరూ లేని చోటు చుట్టూ ఒకే వేగంతో తిరుగుతున్నందుకు!

ఇక ఆరోపణలు. టాలెమీ చూడకుండానే చూశానని రాసుకున్నాడని గిట్టనివాళ్లంటారు. 132 సెప్టెంబరు 25న మధ్యాహ్నం రెండు గంటలకు విషువత్తు, అంటే పగలూ రాత్రీ సమానమయ్యే ఘడియ, వచ్చిందనీ, తాను ఎంతో జాగ్రత్తగా చూశాననీ ఆయన రాశాడు. నిజానికి అది అప్పటికే వచ్చి వెళ్లిపోయి ఒక రోజు దాటింది. కానీ అంతకు 278 ఏళ్ల ముందు హిప్పార్కస్ అనే గ్రీకు ఖగోళ పండితుడు చూసిన విషువత్తు దగ్గర మొదలుపెట్టి, ఆయన చెప్పిన ఏడాది పొడవుతోనే లెక్కేసుకుంటూ వస్తే సరిగ్గా ఆ రెండు గంటలే తేలుతుంది.

నేనైతే తప్పు పట్టలేను. ఇంటర్మీడియట్ ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో లోలకం ఊపి జీ విలువ కనుక్కోమంటే మా బ్యాచ్ అంతా చేసిందిదే. ముందు పేజీ అడుగున రావాల్సిన జవాబు 980 వేసుకుని, అక్కడి నుంచి పైకి లెక్క కట్టుకుంటూ పోయి, ఇరవై డోలనాలకు ఎన్ని సెకన్లు పట్టి ఉండాలో పట్టికలో నింపాం. మరీ అనుమానం రాకుండా ఒకచోట 978, ఇంకోచోట 981. మా స్టాప్‌వాచ్ నడవడం లేదన్న సంగతి రికార్డు మీద సంతకం పడ్డాక బయటపడింది. అలెగ్జాండ్రియాలోనూ పరికరాలు అంతే. వ్యాయామశాలలో బిగించిన పాత కంచు వలయం కాస్త జరిగిపోయి, ఒకే విషువత్తును ఒక్కోసారి రెండుసార్లు చూపించేదని టాలెమీయే ఒప్పుకున్నాడు. మేమైతే ఇప్పటికీ ఒప్పుకోలేదు.

ఆయన 1,022 నక్షత్రాల జాబితా మీద కూడా ఇలాంటి అభియోగమే. హిప్పార్కస్ జాబితా ముందు పెట్టుకుని, అన్నిటికీ 2 డిగ్రీల 40 నిమిషాలు కలిపి దించేశాడని. నక్షత్రాలు నూరేళ్లకు ఒక డిగ్రీ జరుగుతాయని టాలెమీ నమ్మాడు. నిజంగా జరిగేది 72 ఏళ్లకు ఒక డిగ్రీ. అందుకే ఆయన నక్షత్రాలన్నీ వరసగా ఒక డిగ్రీ వెనకబడి ఉన్నాయి. పక్కవాడి పేపరు చూసి రాసినవాడు వాడి హాల్‌టికెట్ నంబరుకి ఒకటి కలిపి వేసుకున్నట్టుందని ఒక వర్గం. కాదు, ఆయనా చూశాడు, సూర్యుడి లెక్కలోని తప్పే ఇందులోకి పాకిందని ఇంకో వర్గం. రెండు వేల ఏళ్లు కావస్తున్నా విచారణ పూర్తి కాలేదు. మన కోర్టుల్ని అనవసరంగా ఆడిపోసుకుంటాం.

రియల్ ఎస్టేట్ వాళ్లు మాత్రం ఆయన ఫొటో ఆఫీసులో పెట్టుకోవాలి. విశ్వాన్ని లేఅవుట్ వేసినట్టు వేశాడు. చంద్రుడు, బుధుడు, శుక్రుడు, సూర్యుడు, కుజుడు, గురుడు, శని వరసగా ఒకరి గోడకు ఆనుకుని ఇంకొకరు, ఒక్క గజం వృథా పోకుండా. ప్రహరీ గోడ నక్షత్రాలది. అది భూమి వ్యాసార్ధానికి 20,000 రెట్ల దూరంలో ఉంది. నిజంగా సూర్యుడున్నది 23,500 రెట్ల దూరంలో. అంటే సూర్యుడు టాలెమీ గేటెడ్ కమ్యూనిటీ బయట పడతాడు. పైగా కొలతల్లో ఒక చిక్కొచ్చింది. శుక్రుడి హద్దు 1,079 దగ్గర అయిపోతోంది, సూర్యుడి హద్దు 1,160 దగ్గర మొదలవుతోంది. మధ్యలో ఎవరిదీ కాని జాగా! చంద్రుణ్ని ఇంకాస్త దూరం జరిపితే లెక్కలో సూర్యుడు దగ్గరికొస్తాడు, హద్దులు కలిసిపోతాయన్నాడు టాలెమీ. జరిపాడా అంటే జరపలేదు. ఏ సర్వేయరైనా అక్కడే ఆగుతాడు.

చంద్రుడి విషయం ఎత్తకపోతేనే మంచిది. కానీ ఎత్తుతాను. టాలెమీ లెక్క చంద్రుడు ఎక్కడుంటాడో బాగానే చెబుతుంది. అదే లెక్క ప్రకారం చంద్రుడి దూరం భూమి వ్యాసార్ధానికి 64 రెట్ల నుంచి 33 రెట్లకి పడిపోతుంది. అంటే కొన్ని అష్టమి రాత్రుల్లో చంద్రుడు పున్నమి చంద్రుడికి దాదాపు రెట్టింపు వెడల్పు కనబడాలి. మేడ మీద బియ్యప్పిండి వడియాలు ఎండబెట్టే ఏ అమ్మమ్మనడిగినా కాదని చెప్పేది. ఆయన అడగలేదు.

ఆయన మహాగ్రంథానికి అరబ్బులు "అల్ మజిస్తీ" అని పేరు ఖాయం చేశారు. 1732లో జైపూర్ రాజు సవాయి జయసింహుడి ఆస్థాన పండితుడు జగన్నాథ సమ్రాట్ దాన్ని అరబ్బీ నుంచి సంస్కృతంలోకి తెచ్చాడు. అప్పటికి న్యూటన్ గురుత్వాకర్షణ గ్రంథం అచ్చయి 45 ఏళ్లు. కోపర్నికస్ 1543లో సూర్యుణ్ని మధ్యలో పెట్టినా చిన్న చక్రాలు వదల్లేదని, వాటిని 1609లో కెప్లర్ వచ్చి పీకేశాడని గుర్తు చేస్తే ఆయన అభిమానులు మాట మారుస్తారు.

చివరిగా ప్రభుత్వానికి ఒక విన్నపం. టాలెమీకి మన నేలతో బంధుత్వం ఉంది. తన భూగోళ గ్రంథంలో మైసోలియా అని కృష్ణా తీరాన్ని, కొంటకొస్సిల అని మన ఘంటసాల ఊరిని ఎక్కించాడు. శాతవాహన రాజు పులోమావి పేరును దాదాపు తన పేరులాగే "సిరి టొలెమాయోస్" అని రాశాడు. దక్షిణ భారతాన్ని అట్లకాడతో నొక్కినట్టు చదును చేసి, లంకను అసలుకు ఎన్నో రెట్లు పెంచాడన్నది నిజమే. చుట్టం కాబట్టి సర్దుకుపోదాం. ఘంటసాల సెంటర్లో ఆయన విగ్రహం పెట్టాలి. అయితే సరిగ్గా సెంటర్లో కాదు, కాస్త పక్కగా. అంతే దూరంలో అటుపక్క ఒక ఖాళీ దిమ్మె కట్టాలి. ఆటోలు, లారీలు, పాల వ్యాన్లు రెండింటి చుట్టూ తిరగాలి. ట్రాఫిక్ కానిస్టేబుల్ ఆ ఖాళీ దిమ్మె మీద నిలబడాలి. ప్రారంభోత్సవం రోజు దండ కూడా దానికే వేయించండి.