ఏ క్యూ? ఎక్కడుందిరా ఆ క్యూ?

మా ఇంజినీరింగ్ బ్యాచ్ గ్రూపులో ఈ వారంలో నాలుగోసారి వచ్చింది ఆ మెసేజ్. "బ్రిటన్ ఈయూలోంచి బయటపడి వలసలు ఆపేసింది, మిగతా దేశాలు క్యూలో ఉన్నాయి, అరటిపండు వంకర మీద కూడా చట్టం చేసే బ్రస్సెల్స్‌ని, ఎవరూ ఓటెయ్యని ఆ పెద్దల్ని జనం తరిమేస్తున్నారు" అని. కింద మూడు దండాలు. (ఈయూ అంటే యూరప్ దేశాల కూటమి, బ్రస్సెల్స్ దాని ఆఫీసులున్న ఊరు.)

అరటిపండు సంగతి: అది గ్రేడింగ్ రూలు. మన యార్డులో మిర్చికీ ఉంటాయి గ్రేడులు. పదండి ముందుకి.

క్యూ అంటారా, 2020 జనవరిలో బ్రిటన్ వెళ్ళిపోయాక ఇంకో దేశం ఆ దరఖాస్తే పెట్టలేదు. ఈయూని తిట్టే నేతల్నే చూడండి, ఫ్రాన్సులో లె పెన్ 2017 అధ్యక్ష ఎన్నికల్లో ఓడాక యూరో వదిలేద్దామనే మాట మెల్లగా మింగేసింది, ఇటలీలో మెలోనీ ప్రధాని అయ్యాక అదే బ్రస్సెల్స్‌తో కూచుని బేరాలాడుతోంది, హంగరీ నేత ఓర్బాన్ అయితే తిట్టిన నోటితోనే మా నిధులు ఎందుకు ఆపారని అడిగాడు. జర్మనీలో అదే బాపతు పార్టీ ఏఎఫ్‌డీకి 2025లో 20.8 శాతం ఓట్లొచ్చాయి, బలం లేదని నేననట్లా. కానీ వీళ్ళలో చాలామందికి వేరుకాపురం అక్కర్లేదు, ఇంటి తాళాలు కావాలి.

ఇక వలసలు ఆపేసిందట! ఇక్కడే నాకు ఒళ్ళు మండేది. 2023 జూన్‌తో ముగిసిన ఏడాదిలో బ్రిటన్ నికర వలస, అంటే వచ్చినవాళ్ళలోంచి వెళ్ళినవాళ్ళని తీసేసిన లెక్క, 9 లక్షలు దాటింది. యూరప్ వాళ్ళు తగ్గారు, నిజమే, ఆ ఖాళీలోకి స్టూడెంట్ వీసాలు, కేర్ వీసాలు పట్టుకుని వెళ్ళిందెవరు సార్, మనమే కదా! ఈ మెసేజ్ పెట్టిన మహానుభావుడి కొడుకు కావెంట్రీలో మాస్టర్స్ చదువుతూ రాత్రిళ్ళు గోడౌన్‌లో పెట్టెలు మోస్తున్నాడు. బ్రిటన్‌ని ఈయూలోంచి బయటికి లాగినవాళ్ళలో ముందున్న ఫరాజ్ పార్టీ 2025 సెప్టెంబర్లో ఏమంది? శాశ్వత నివాసం, అదే మనవాళ్ళు ఏళ్ళ తరబడి కళ్ళల్లో వత్తులేసుకుని చూసే ఐఎల్‌ఆర్, దాన్నే రద్దు చేస్తామంది. నువ్వు దండాలు పెడుతున్నది ఎవరికో ఒకసారి మీవాడికి ఫోన్ చేసి కనుక్కోరా నాయనా.

ఓటెయ్యని పెద్దలు అన్న ముక్కని కూడా, 1979 నుంచి యూరప్ పార్లమెంటుకి నేరుగా ఎన్నికలున్నాయి పోవయ్యా అని దులిపేద్దామనుకున్నా. కానీ దులపలేకపోయా. 2005లో ఫ్రాన్సు, నెదర్లాండ్స్ జనం ఈయూకి రాసిన రాజ్యాంగం వద్దని ఓటేస్తే అందులో చాలా భాగం లిస్బన్ ఒప్పందం పేరుతో తిరిగొచ్చింది, 2008లో ఐర్లండ్ వాళ్ళు దాన్నీ కాదంటే 2009లో మళ్ళీ ఓటింగ్ పెట్టారు. 2019లో వాన్ డెర్ లెయెన్ ఈయూని నడిపే కమిషన్‌కి అధ్యక్షురాలైంది, ఆ ఏడాది యూరప్ పార్లమెంటు ఎన్నికల ప్రచారంలో ఆ పదవికి ఆవిడ పేరే లేదు. ఊ అనేదాకా అడుగుతూనే ఉంటే ఎవరికి మండదు? ఇన్నేళ్ళైనా ఈ కోపం చల్లారకపోవడానికి ఇదీ ఒక కారణమే అనిపిస్తోంది.

కాబట్టి ఆ ఓటెయ్యని పెద్దల లైను ఒక్కటి ఉంచి మిగతాదంతా కొట్టేసి పంపు, నేనూ ఫార్వర్డ్ చేస్తా.