కరివేపాకుకూ ఒక గాజు గద్దె కావాలి

పాత గాజు సామాను పోగుచేసేవాళ్లను ఈ లోకం అడిగే ప్రశ్న ఒక్కటే: "వీటిలో తింటారా?" ఇంతకంటే మొరటు ప్రశ్న ఉండదు. లాకర్లో కాసులపేరు దాచుకున్నావిడను "రోజూ వేసుకుంటారా" అని ఎవరూ అడగరు. ఎనభై, తొంభై ఏళ్ల నాటి గులాబీరంగు గాజు పళ్లెం కనబడితే మాత్రం అందులో రెండు ఇడ్లీలు పెట్టి నిరూపించుకోమంటారు. ఈ అన్యాయాన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను.

ముందు డైనింగ్ టేబుల్ సంగతి తేల్చుకుందాం. దాని మీద భోజనం చేస్తారన్నది ఫర్నిచర్ షాపులవాళ్లు పుట్టించిన పుకారు. ఏ ఇంటికైనా వెళ్లి చూడండి. బీపీ మాత్రల డబ్బా, కట్టాల్సిన కరెంటు బిల్లు, ఇస్త్రీ నుంచి వచ్చిన బట్టలు, రెండు చార్జర్లు, మచ్చలు పడుతున్న అరటిపళ్లు, ఎగ్గొట్టిన పెళ్లి తాలూకు శుభలేఖ. మనుషులు మాత్రం సోఫాలో కాళ్లు మడుచుకుని, ఒళ్లో స్టీలు కంచం పెట్టుకుని, సీరియల్ చూస్తూ తింటారు. అలాంటి బల్లకు తినే గిన్నెలు ఎందుకు? తినకూడని గిన్నెలే దానికి న్యాయం చేస్తాయి.

ఈ విద్యలో మన గురువులు విక్టోరియా రాణి కాలపు ఇంగ్లిషువాళ్లు, వాళ్లను చూసి వాతలు పెట్టుకున్న అమెరికావాళ్లు. ద్రాక్షగుత్తి తెంపుకోవడానికి వాళ్లకు వెండి కత్తెర ఉండేది. ఎముకలోంచి మూలుగ తీసుకోవడానికి సన్నటి గరిటె వేరే. ఎంగిలి కత్తి బల్ల గుడ్డకు తగలకుండా ఆనించడానికి చిన్న గాజు దిమ్మె. అంటే కత్తికి తలగడ అన్నమాట. ఆ ఇళ్లలో వంటమనిషి ఎక్కడ పడుకునేదో గానీ, కత్తికి మాత్రం పడక అమర్చారు.

వీటన్నిటిలో నాకు పరమ భక్తి కలిగించింది సెలరీ కూజా. సెలరీ అంటే లావుపాటి కాడలుండే కూరాకు, ఆ రోజుల్లో దాన్ని పండించడం పెద్ద తంతు. కాడలు తెల్లగా, లేతగా రావాలంటే మొక్క పెరిగేకొద్దీ చుట్టూ మట్టి ఎగదోస్తూ ఎండ తగలకుండా కాపాడుకోవాలి. చాకిరీ ఎక్కువ కాబట్టి ధరా ఎక్కువే. అంత డబ్బు పోసి కొన్న కాడలను తరిగి ఏ సూపులోనో పడేస్తే వచ్చినవాళ్లకు ఎలా తెలుస్తుంది? అందుకని కింద పీట, పైన పూరేకుల్లా విచ్చుకున్న అంచు ఉన్న పొడవాటి గాజు కూజా చేయించి, అందులో ఆకులతో సహా నిలబెట్టి, బల్ల నడిమధ్యన పెట్టారు. పూలకుండీ ఉండాల్సిన చోట కూరాకు కొలువుదీరింది. తర్వాత సెలరీ చవకైంది. కూజా పోయి, కాడల్ని అడ్డంగా పడుకోబెట్టే పొడుగు పళ్లెం వచ్చింది. ధర పడిపోయినవాడికి నిలబడే హక్కు లేదని ఆ దొరలకు స్పష్టంగా తెలుసు.

మనకే ఆ తెలివి లేకపోయింది. 2023 జూలైలో టమాటా కిలో 200 రూపాయలు దాటినప్పుడు, దేశమంతా మదనపల్లె మార్కెట్ వైపు ఆశగా చూస్తున్నప్పుడు, ఒక్క ఇంట్లోనైనా టమాటాను గాజు పీటెక్కించి అతిథులకు చూపించారా? గుట్టుచప్పుడు కాకుండా పప్పులో వేసుకుని కానిచ్చేశారు. కరివేపాకు గతి మరీ ఘోరం. తాలింపుకు ప్రాణం పోసి చివరికి కంచం అంచున పడి ఉంటుంది. కూరగాయల బండి దగ్గర కొసరుగా రెండు రెమ్మలు వెయ్యమంటే ఇప్పుడు బండివాళ్లూ ముఖం చిట్లిస్తున్నారు కాబట్టి, దాని దశ తిరిగినట్టే. అంచు తిరిగిన గాజు గద్దె ఒకటి చేయించి రెమ్మను అందులో నిలబెట్టాల్సిన సమయం వచ్చేసింది. పెద్దలు ఆలోచించాలి.

కొనడం కూడా అందరికీ అబ్బే విద్య కాదు. హైదరాబాద్‌లో గురువారం నాడు జుమ్మేరాత్ బజార్ అనే పాత సామాన్ల సంతకి వెళ్తే నిపుణులను ప్రత్యక్షంగా చూడవచ్చు. నిపుణుడు తనకు కావలసిన గిన్నె వైపు చచ్చినా చూడడు. పక్కనున్న తుప్పు పట్టిన తాళంకప్ప ధర అడుగుతాడు. తర్వాత ఏదో ఉబుసుపోక అన్నట్టు గిన్నెను చేతిలోకి తీసుకుంటాడు. కళ్లు మూసుకుని అంచు చుట్టూ చూపుడువేలు మెల్లగా తిప్పుతాడు, ఎక్కడైనా పెచ్చు లేచిందేమోనని. ఆపైన గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకుంటాడు. సీసం కలిసిన క్రిస్టల్ అయితే ఖంగుమని మోగి ఆ మోత కాసేపు గాల్లో నిలుస్తుంది. మామూలు గాజు టక్కుమని ఊరుకుంటుంది. ఈ నాటకం అమ్మేవాడు ఏళ్ల తరబడి చూస్తున్నాడు కాబట్టి మోతను వినడు, మొహాన్ని చూస్తాడు. కనుబొమలు ఎంత పైకి లేస్తే ధర అంత లేస్తుంది.

సీసం అన్నాను కదా. ఐరోపా నిబంధనల ప్రకారం లెడ్ క్రిస్టల్ అనిపించుకోవాలంటే గాజులో లెడ్ ఆక్సైడ్ కనీసం 24 శాతం ఉండాలి. అలాంటి సీసాలో మద్యం నెలల తరబడి నిల్వ ఉంచితే సీసం అందులోకి దిగుతుందని శాస్త్రవేత్తలు ఎప్పుడో తేల్చారు. 2015లో సీసం ఉందన్న వార్త రాగానే పిల్లల నూడుల్స్ పొట్లాలు చెత్తబుట్టలో పారేసిన తండ్రులే ఇప్పుడు ఆ సీసాను మెత్తటి గుడ్డతో తుడిచి, లైటు వేసి చూపిస్తున్నారు. పిల్లల ఆరోగ్యం వేరు, పెద్దల అభిరుచి వేరు.

ఇంతకంటే పై మెట్టు యురేనియం గాజు. బొహీమియాలో, అంటే ఇప్పటి చెక్ దేశంలో, 1830ల నుంచి గాజులో కాస్త యురేనియం కలిపి పసుపు, ఆకుపచ్చ రంగులు తెప్పించేవారు. మామూలు వెలుతురులో అది ఆముదం రంగులో అమాయకంగా ఉంటుంది. అల్ట్రావయొలెట్ టార్చి వేశారా, గిన్నె మొత్తం పచ్చగా భగ్గుమంటుంది. అందుకే ఈ శాఖ భక్తులు జేబులో టార్చి లేకుండా గడప దాటరు. ఇంట్లో పెట్టుకుంటే ప్రమాదం దాదాపు లేదని తెలిసినవాళ్లు చెబుతారు, కాబట్టి భయం లేదు. అయితే 2019లో నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దే వద్దని ఫేస్‌బుక్‌లో ఫొటో మార్చుకున్న మిత్రుడొకరు మొన్న లైట్లన్నీ ఆర్పి మాకు తన స్వీటు గిన్నె చూపించారు. అడవిలో ఉంటే విషం, షోకేసులో ఉంటే వారసత్వం. దీంట్లో వైరుధ్యం వెతకడం కుసంస్కారం.

అమెరికాలో స్థిరపడిన మన బంధువులకు డిప్రెషన్ గ్లాస్ మీద మక్కువ. పేరు చూసి టెన్షన్ పడకండి, 1930ల ఆర్థిక మాంద్యం కాలంలో యంత్రాల మీద అచ్చుపోసిన చవక గాజు అది. గులాబీ, ఆకుపచ్చ, తేనె రంగులు. లోపల బుడగలు, పక్కన అచ్చు అతికిన గీత. ఓట్స్ డబ్బాలో ఊరికే పెట్టి ఇచ్చేవారు. టికెట్లు తెగక సినిమాహాళ్లవాళ్లు వారానికో పళ్లెం పంచితే, సెట్టు పూర్తి కావాలని జనం సినిమా ఎలా ఉన్నా వెళ్లి కూర్చునేవారు. ఊరికే వచ్చిన ఆ వస్తువునే ఇప్పుడు మనవాళ్లు ఎస్టేట్ సేల్స్‌లో, అంటే ఇంటి సామానంతా అమ్మకానికి పెట్టే చోట, తెల్లవారుజామునే క్యూ కట్టి డాలర్లు పోసి కొంటున్నారు. వీళ్ల అమ్మలు ఇక్కడ కాఫీ పొడితో ఉచితంగా వచ్చిన గ్లాసుల్ని పనమ్మాయికి ఇచ్చేశారు. దూరదృష్టి లేని తరం.

కొన్న తర్వాత నియమాలు మొదలవుతాయి. వేడి సాంబారు పోస్తే చిట్లుతుంది. డిష్‌వాషర్‌లో పెడితే మసక పట్టి మళ్లీ వదలదు. పీచుతో తోమితే గీతలు. ఇక తెలుగు వంటల్లో ఆ గిన్నెల్లో వడ్డించదగినవి తొక్క తియ్యని అరటిపండు, చల్లారిన పులిహోర. పండక్కి వచ్చిన ఆడపడుచు పాపం సాయం చేద్దామని, "వదినా, కూర ఇందులోకి తియ్యనా?" అంటూ షోకేసు తలుపు మీద చెయ్యి వేసిందా, "అయ్యో వదినా, అందులో కాదు, ఇదిగో ఇందులో!" అంటూ వంటింట్లోంచి స్టీలు గిన్నె పరుగెత్తుకొస్తుంది.

మా వాదానికి హైదరాబాద్ ఫలక్‌నుమా ప్యాలెస్ కొంచెం ఇబ్బంది తెచ్చిపెట్టింది. అక్కడి బల్ల దగ్గర ఒకేసారి 101 మంది కూర్చుని నిజంగానే భోంచేసేవారు. రాజులకు ఇలాంటి అలవాట్లు ఉంటాయి, సామాన్యులు అనుకరించకూడదు. మనకు ఆదర్శం హైదరాబాద్ నవాబు మూడో సాలార్ జంగ్. ఐరోపా గాజుతో సహా కళ్లబడిందల్లా కొన్నాడు. పెళ్లి చేసుకోలేదు కాబట్టి "ఇవన్నీ ఎక్కడ సర్దుతారు?" అని నిలదీసేవాళ్లు ఇంట్లో లేరు. 1949లో ఆయన పోయాక, 1951లో ఆ సామానంతా మ్యూజియం అయింది. ఇప్పుడు ఎవరూ అందులో తినమని అడగరు, టికెట్ కొని మరీ చూస్తారు. దక్కన్ కొలువుల్లో ఘోరీ పళ్లేలని కూడా ఉండేవి, విషం కలిపిన అన్నం వడ్డిస్తే వాటంతట అవే పగులుతాయని నమ్మేవారు. వాటిని మన బజ్జీల బండ్లకు పంచితే సాయంత్రం ఏడయ్యేసరికి ఒక్కటీ మిగలదు.

ఇంత పెద్ద సంప్రదాయానికి మన సొంత చేర్పు ఏమీ లేదని ఎవరూ చిన్నబుచ్చుకోనక్కర్లేదు. లెమన్ సెట్ ఉంది. ఒక జగ్గు, ఆరు గ్లాసులు, వాటి మీద నిమ్మచెక్క బొమ్మ. పాత వస్తువుకు విలువ తెచ్చేది అది ఎవరెవరి చేతులు మారిందన్న చరిత్రేనని వేలంపాటలవాళ్లు చెబుతారు. ఆ లెక్కన లెమన్ సెట్‌ను మించింది లేదు. ఒక పెళ్లిలో వస్తుంది, మరో గృహప్రవేశానికి పోతుంది, ఓణీల ఫంక్షన్‌లో తేలుతుంది, ఎక్కడా అట్టపెట్టె తెరుచుకోదు. మా అటక మీద ఉన్నదాని కాగితం విప్పి చూస్తే లోపల ఇంకో కాగితం, దాని మీద "చి. సౌ." అని మొదలై కొట్టేసిన పేర్లు వరుసగా ఉన్నాయి. అన్నిటికంటే అడుగున ఉన్నది మా మేనత్త దస్తూరీ. గ్లాసులు ఆరు ఉన్నాయా, అయిదేనా అన్నది ఎవరికీ తెలియదు, ఊపితే మాత్రం చప్పుడు అనుమానంగానే ఉంది. ధర అడగకండి, అమ్మేది కాదు. వచ్చే నెల మా బాబాయి మనవరాలి నిశ్చితార్థానికి ఇవ్వాలి.