జేబులో పంచ్, గెజిట్‌లో జవాబు

హన్మకొండలో మా పక్కింటి పిల్లవాడు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. మొన్నామధ్య వాళ్లమ్మ బట్టలు నానబెడుతూ అలవాటుగా ప్యాంటు జేబులు వెతికితే బరువైన వస్తువొకటి చేతికి తగిలింది. నాలుగు వేళ్లు దూరే నాలుగు రంధ్రాలు, అరచేతిలో ఒదిగే పట్టీ, పైన మొనదేలిన అంచు. "ఏందిరా ఇది?" అంటే "కీచైన్ అమ్మా" అన్నాడట. "మరి తాళంచెవులేవి?" అంటే నోరు మెదపలేదు. ఆమె దాన్ని చున్నీలో చుట్టుకుని మా ఇంటికి తెచ్చింది. "అన్నా, ఇది దగ్గర పెట్టుకుంటే పోలీసోళ్లు కేసు పెడతరా?"

పెడతారనో పెట్టరనో ఠక్కున చెప్పలేకపోయాను. చట్టాలు తిరగేసి చూశాక కూడా ఒక్క ముక్కలో చెప్పగలిగే జవాబు దొరకలేదు. ఒక తల్లి అడిగిన ఇంత సూటి ప్రశ్నకు సూటి జవాబు లేకపోవడం చట్టం రాసిన తీరులో ఉన్న లోపమే అంటాను.

ముందు వస్తువు సంగతి. ఇంగ్లిష్‌లో నకల్ డస్టర్ అనీ, బ్రాస్ నకల్స్ అనీ పిలుస్తారు. పిల్లవాడు మాత్రం పంచ్ అన్నాడు, మనమూ అలాగే అనుకుందాం. ఇత్తడి అన్నది పేరుకే. చవగ్గా దొరికేవాటిలో చాలావరకు జింకు కలిపిన పోత లోహమే. దీన్ని తొడుక్కుంటే చేతికి కొత్త బలమేమీ రాదు. ఉన్న బలమే మెత్తటి పిడికిలి మీద పరుచుకోకుండా సన్నటి లోహపు అంచు మీద పడుతుంది, ఎదుటివాడి దవడో చెంప ఎముకో పగులుతుంది. గట్టిగా తగిలితే కొట్టినవాడి వేళ్లు కూడా విరగొచ్చు, ఆ సంగతి అమ్మేవాళ్లు చెప్పరు. మనదేశానికి ఇది కొత్తదీ కాదు. మైసూరు దసరాలో విజయదశమి నాడు జెట్టీ మల్లులు పిడికిలికి ఆయుధం తొడుక్కుని చేసే వజ్రముష్టి కాళగ ఈనాటికీ జరుగుతోంది. తల మీద మొదటి రక్తపుచుక్క కనపడగానే పోటీ ఆపేస్తారు. అక్కడ ఆపడానికి పెద్దమనుషులు ఉంటారు. కాలేజీ గేటు దగ్గర ఎవరుంటారు?

ఇక చట్టం. 1959 నాటి ఆయుధాల చట్టం రెండో సెక్షన్‌లో ఆయుధం అంటే ఏమిటో చెప్పారు. దాడికి గానీ ఆత్మరక్షణకు గానీ ఆయుధంగా తయారుచేసిన, లేదా అలా మలిచిన ఏ వస్తువైనా ఆయుధమే. అదే వాక్యంలో మినహాయింపూ ఉంది. కేవలం ఇంటి పనికో వ్యవసాయానికో తయారైన వస్తువులు, లాఠీ, మామూలు చేతికర్ర లాంటివి ఆయుధాలు కావు. ఈ మినహాయింపు మన ప్రాంతానికి ఎంత ముఖ్యమో పల్లెలో పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. తెల్లవారుజామున మోకు, ముస్తాదుతో తాటివనం వైపు పోయే గీత కార్మికుడి నడుముకు ఉండే కత్తి, ఈ పంచ్ కంటే వంద రెట్లు పదునైనది. గొర్ల మంద వెంట పోయే కురుమ పెద్దాయన భుజాన గొంగడి, చేతిలో కర్ర లేకుండా ఎవరైనా చూశారా? పొలానికి కొడవలి, కట్టెలకు గొడ్డలి. వీటన్నిటినీ చట్టం వదిలేసింది, వదిలేయాలి కూడా.

మరి పంచ్‌తో ఏ పని చేస్తారు? దానితో కూర తరగలేం, కల్లు గీయలేం, కనీసం మేకు కూడా సరిగ్గా దిగదు. మనిషి ముఖం తప్ప దానికి వేరే ఉపయోగం లేదు. కాబట్టి రెండో సెక్షన్ ప్రకారం అది ఆయుధమే అని వాదించడం తేలిక.

చిక్కు నాలుగో సెక్షన్‌లో వస్తుంది. తుపాకీ ఎక్కడ పెట్టుకున్నా లైసెన్స్ కావాలి. తుపాకీ కాని ఆయుధాల విషయంలో అలా కాదు. ఫలానా ప్రాంతంలో ఫలానా రకం ఆయుధాలను కట్టడి చేయాలని కేంద్రం అనుకుంటే గెజిట్‌లో నోటిఫికేషన్ ఇవ్వాలి. అది వచ్చాకే, ఆ ప్రాంతంలో ఆ రకం ఆయుధాన్ని లైసెన్స్ లేకుండా కొనడం, దగ్గర పెట్టుకోవడం, వెంట తిప్పడం నేరమవుతాయి. ఆయుధాల నిబంధనల పట్టికలో ఈ తరగతి కింద కత్తులు, బాకులు, బల్లేలు, బయొనెట్ల పేర్లు వరుసగా ఉంటాయి. చాకు అయితే అలుగు, అంటే కోసే భాగం, 9 అంగుళాల కంటే పొడవో, 2 అంగుళాల కంటే వెడల్పో ఉండాలి. అంటే చట్టం టేపు పట్టుకుని అలుగును కొలుస్తుంది. అలుగే లేని పంచ్‌ను ఏం కొలుస్తారు? ఆ పట్టికలో దాని పేరు నాకు కనిపించలేదు.

ఇది లాయర్ల కాలక్షేపం అనుకుంటే ఢిల్లీ ఉదాహరణ చూడండి. అక్కడ 1980లో బటన్ నొక్కితే తెరుచుకునే చాకుల మీద నోటిఫికేషన్ ఇచ్చారు. అలుగు 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు దాటితే వర్తిస్తుంది. ఆ లెక్కన ఎందరి మీదో కేసులు పెట్టారు. 2025 ఏప్రిల్‌లో అలాంటి ఒక కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. నోటిఫికేషన్ చదివితే అది తయారీ, అమ్మకం, అమ్మకం కోసం దగ్గర ఉంచుకోవడం గురించి మాట్లాడుతోంది, చార్జిషీటులో మాత్రం అమ్మకం ఊసే లేదు. కోర్టు కేసు కొట్టేసింది. దేశ రాజధానిలో నోటిఫికేషన్ ఉండి కూడా, అందులో ఏముందో సరిగ్గా చదవకుండానే ఒక మనిషిని కోర్టుల చుట్టూ తిప్పారన్నమాట. ఇక చున్నీలో పంచ్ చుట్టుకొచ్చిన తల్లి ఏ గెజిట్ తిరగేస్తుంది?

ఈ ఖాళీని మన దగ్గర పోలీసులు వేరే రకంగా పూడుస్తారు. వరంగల్‌కు 2015లో కమిషనరేట్ వచ్చింది. ఆ తర్వాత కరీంనగర్, రామగుండం, నిజామాబాద్‌లకూ వచ్చాయి. కమిషనరేట్లలో సిటీ పోలీస్ యాక్ట్ కింద ఉత్తర్వులు ఇస్తుంటారు. దాని అసలు పేరు హైదరాబాద్ సిటీ పోలీస్ చట్టం, 1348 ఫస్లీ. ఫస్లీ లెక్క అంటే నిజాం జమానాది అని వేరే చెప్పాలా. హన్మకొండ నుంచి గంట ప్రయాణం చేసి ములుగు చేరితే అక్కడ కమిషనర్ ఉండరు, ఎస్పీ ఉంటారు. అక్కడ 30 యాక్ట్ అమల్లో ఉందని పేపర్లో వస్తుంది. అంటే 1861 నాటి పోలీసు చట్టంలోని 30వ సెక్షన్. సభలు, ఊరేగింపులను అదుపులో పెట్టడానికి తెల్లదొరలు రాసుకున్నది. గణేశ్ నిమజ్జనానికో, ఎన్నికలకో, ధర్నాలకో ఇలాంటి ఉత్తర్వులు పనికొస్తాయి, కాదనను. కానీ అవి గడువుతో వచ్చి గడువుతో పోతాయి. ఈ నెల తప్పు, వచ్చే నెల తప్పు కాదు, మళ్లీ పండగొస్తే తప్పు అన్నట్టుంటే పదిహేడేళ్ల పిల్లవాడికి ఏం అర్థమవుతుంది?

ఇక బైండోవర్ ఉండనే ఉంది. గొడవ చేస్తాడని అనుమానం ఉన్నవాడిని జిల్లాల్లో తహసీల్దార్ ముందు నిలబెట్టి, శాంతిగా ఉంటానని పూచీకత్తు రాయించుకోవడం. ఇది శిక్ష కాదని చట్టం అంటుంది. వాడకట్టులో మాత్రం ఆ రోజు నుంచి వాడి పేరు మారిపోతుంది.

జేబులో ఉన్నంతవరకే ఈ అయోమయం. బయటికి తీసి కొడితే ఏ అయోమయమూ లేదు, ఈ తేడా పిల్లలకు అసలు తెలియదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఉత్త చేత్తో కొట్టి మామూలు గాయం చేస్తే 115వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా 10 వేల రూపాయల దాకా జరిమానా. అదే గాయం ప్రమాదకర ఆయుధంతో చేస్తే 118వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా. గాయం తీవ్రమైనదైతే తక్కువలో తక్కువ ఏడాది, ఎక్కువైతే పదేళ్లు, యావజ్జీవం దాకా వెళ్లొచ్చు.

తీవ్ర గాయం అంటే పేగులు బయటపడాలనుకుంటాం. చట్టం అలా అనుకోదు. ఎముక విరిగితే తీవ్ర గాయం. పన్ను విరిగినా, కదిలినా తీవ్ర గాయమే. పంచ్‌తో మూతి మీద ఒక్కటి తగిలితే జరిగేది సరిగ్గా అదే. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో డాక్టరు రాసే గాయాల సర్టిఫికెట్‌లో ఆ పన్ను గురించి ఒక్క లైను పడితే, కాలేజీ కొట్లాట కాస్తా ఏళ్ల తరబడి జైలు మాటలు మాట్లాడుతుంది. పంచ్ ప్రమాదకర ఆయుధం కాదని వాదించొచ్చు కదా అంటారేమో. 2005లో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో రాయి కూడా సందర్భాన్ని బట్టి ప్రమాదకర ఆయుధం కావచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. రాయికే ఆ గతి పట్టొచ్చంటే, కొట్టడానికే పోతపోసిన లోహానికి మినహాయింపు వస్తుందా?

మా దగ్గర దీని వెనక ఇంకో టెన్షన్ ఉంది. ఉత్తర తెలంగాణలో పొద్దున్నే ఏ గ్రౌండ్‌కు వెళ్లినా కానిస్టేబుల్ కొలువు కోసం పరుగులు తీసే పిల్లలు కనిపిస్తారు. ఆ ఉద్యోగానికి ఎంపికయ్యాక నింపే ఫారంలో, నీ మీద కేసు ఉందా అని అడుగుతారు. ఉందని రాస్తే ఒక తంటా, దాస్తే ఇంకా పెద్ద తంటా. విదేశాలకు వెళ్లాలన్నా అంతే. క్రిమినల్ కేసు కోర్టులో నడుస్తుంటే పాస్‌పోర్టుకు కోర్టు అనుమతి తెచ్చుకోవాలి.

వెళ్లినవాళ్లకైనా ఇది తప్పదు. మన పిల్లలు గుంపులుగా చేరే డాలస్ ఉన్న టెక్సస్‌లో 2019 సెప్టెంబరు 1 దాకా నకల్స్ నిషిద్ధ ఆయుధాలు, ఆ రోజు నుంచి కాదు. అక్కడ కొన్న కీచైన్ జేబులో వేసుకుని కాలిఫోర్నియాలో దిగితే, దగ్గర ఉండటమే నేరం. బ్రిటన్‌లో 2021 నుంచి సొంత ఇంట్లో సొరుగులో దాచుకున్నా తప్పే. వాళ్ల చట్టాలు మంచివో చెడ్డవో అన్న చర్చ అలా ఉంచితే, ఆ మూడు చోట్లా వస్తువు పేరు పెట్టి రాశారు. చదివినవాడికి అర్థమవుతుంది.

ఆత్మరక్షణ సంగతేమిటని అడిగే ఆడపిల్లలు ఉంటారు, న్యాయమైన ప్రశ్నే. మనల్ని మనం కాపాడుకునే హక్కు చట్టంలో గట్టిగానే ఉంది. అవసరానికి మించి హాని చేయకూడదన్నదే షరతు. కానీ పంచ్ పనిచేయాలంటే దాడి చేసేవాడికి చేతికి అందేంత దగ్గరగా వెళ్లాలి, పారిపోవాల్సిన సమయంలో. దానికంటే పెప్పర్ స్ప్రే నయం. అదీ ఎక్కడపడితే అక్కడ కొట్టడానికి కాదు. 2024లో కర్ణాటక హైకోర్టు ఒక ఆస్తి గొడవ కేసులో, ప్రాణాపాయం లేనప్పుడు స్ప్రే కొట్టడాన్ని ఆత్మరక్షణగా చూడలేమంది.

మరి ఏం చేయాలి? జేబుల సోదాలు పెంచమని నేను అనను. ఆ పిల్లవాడి ఫోన్ తీసుకుని, కొన్న చోటే తిరిగి ఇచ్చేద్దామని చూశాం. రిటర్న్ గడువు దాటిపోయింది. ఆ పేజీలో వస్తువు కీచైన్ల వరుసలో ఉంది, కిందనే ఇంకో రెండు మడత చాకులు చూడమని చూపిస్తోంది. వయసు అడిగే గడి ఎక్కడా లేదు. దొరికిన పిల్లవాడిని బల్ల వెనక నిలబెట్టి, బల్ల మీద పంచ్ పెట్టి ప్రెస్‌మీట్‌లో ఫొటో తీసే వ్యవస్థ, వేలమందికి అమ్మే పేజీ జోలికి ఎందుకు పోదు? చేతకాక కాదు. 2025 మేలో అనుమతుల వివరాలు సరిగ్గా చూపకుండా వాకీటాకీలు అమ్ముతున్నారని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 13 ఆన్‌లైన్ వేదికలకు నోటీసులు ఇచ్చింది. వాకీటాకీకి ఇవ్వగలిగిన నోటీసు పంచ్‌కు ఇవ్వలేరా?

నాలుగో సెక్షన్ కింద నోటిఫికేషన్ ఇచ్చే అధికారం కేంద్రానిది, అడగాల్సింది రాష్ట్రం. అడిగేటప్పుడు వేళ్లకు తొడుక్కునే లోహపు పంచ్ అని పేరు పెట్టి అడగాలి, అమ్మకం మీద మొదట అడగాలి. మారణాయుధాలు అని గుండుగుత్తగా రాస్తే రేపు చెక్‌పోస్టు దగ్గర ఆగేది గీత కార్మికుడి సైకిలే. దొరికిన పిల్లలు పద్దెనిమిదేళ్ల లోపువాళ్లయితే, ఎవరినీ కొట్టకపోతే, వస్తువు తీసుకుని తల్లిదండ్రులను పిలిచి మాట్లాడి పంపితే సరిపోతుంది. ఒక ఎస్సై గంట సమయం పెడితే అయ్యే పని.

పక్కింటామెకు నేను చెప్పిందీ ఇంతే. ఈ రోజు కేసు అవుతుందో లేదో గట్టిగా చెప్పలేను, వాడితే మాత్రం కచ్చితంగా అవుతుంది, ఇంట్లో ఉంచొద్దు అన్నాను. వాడు తల దించుకుని విన్నాడు. మర్నాడు పాత సామాన్ల బండి వస్తే ఆమె దాన్ని సుత్తితో రెండు ముక్కలు చేసి తీసుకెళ్లి ఇచ్చింది. బండాయన ఒక ముక్కను గోడకు గీసి చూసి, "ఇత్తడి కాదక్కా ఇది, రేటు రాదు" అని సంచిలో పడేసుకున్నాడు.